గుంత పడకముందే: తారు రోడ్డుకి ఏ మరమ్మతు ఎప్పుడు చేయించాలి

పది రోడ్లున్నాయి, డబ్బు మూడింటికే సరిపోతుంది. ఏ మూడింటికి ఖర్చు పెట్టాలి, ఏ పని చేయించాలి? ఊళ్ల రోడ్లు చూసే ఇంజినీర్లు, బడ్జెట్‌కి ఓటేసే సభ్యులు, అర్జీ పట్టుకుని తిరిగే కాలనీవాళ్లు అందరూ ఏటా ఇక్కడే చిక్కుకుంటారు. పగుళ్లు నింపడం, చిప్ సీల్, స్లర్రీ, మైక్రో సర్ఫేసింగ్, ఓవర్‌లే (పాత రోడ్డు మీద కొత్త తారు కంకర పొర వేయడం), మొత్తం తవ్వి మళ్లీ వేయడం, ఇలా పేర్లు చాలానే ఉన్నాయి. పైనుంచి చూస్తే అన్నీ నల్లగానే కనిపిస్తాయి కాబట్టి ఏది చేసినా ఒకటేగా అనిపిస్తుంది. ఒకటి కాదు. సరైన పనినే తప్పు రోడ్డు మీద చేస్తే ఆ డబ్బు మొదటి వానాకాలంతోనే పోతుంది.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. అన్నింటికంటే పాడైన రోడ్డుతో మొదలుపెట్టడం చాలాచోట్ల అలవాటుగా జరిగిపోయే తప్పు. ఫిర్యాదులు అక్కడినుంచే వస్తాయి కాబట్టి చేయి అటే పోతుంది, అది సహజమే. కానీ తారు రోడ్డు పాడయ్యే తీరు చూడండి. మొదటి ఏళ్లలో చాలా నెమ్మదిగా తగ్గుతుంది, పైపొర ఎండకు గట్టిబడి చిన్న పగుళ్లు వస్తాయి, అంతే. ఆ పగుళ్లలోంచి నీరు కింది కంకర పొరలోకి దిగడం మొదలయ్యాక మాత్రం రెండు మూడేళ్లలోనే కూలిపోతుంది. పూర్తిగా పోయిన రోడ్డును ఇంకో ఏడాది ఆపినా దాన్ని తిరిగి వేసే ఖర్చు పెద్దగా మారదు, ఎలాగూ తవ్వాల్సిందే. ఇంకా బాగున్న రోడ్డును అదే ఏడాది వదిలేస్తే పగుళ్లు నింపితే సరిపోయేది కాస్తా ఓవర్‌లే దాకా వెళ్తుంది. అందుకే పాడైన రోడ్డు మీద ప్రమాదం జరగకుండా గుంతలు పూడ్చి ఉంచి, అసలు డబ్బును ఇంకా ఓ మోస్తరుగా బాగున్న రోడ్ల మీద పెట్టాలి. జనానికి ఇది చెప్పి ఒప్పించడం కష్టమే, అయినా ఒప్పించాలి.

## ముందు రోడ్డును చూడండి, తర్వాతే పని పేరు

ఎంచుకునేముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది మిగతా వాటన్నింటికంటే బరువైనది.

తెగులు పైనా, కిందా? అడ్డంగానో పొడవుగానో ఒంటరిగా పోయే గీతలు, రంగు వెలిసి బూడిదరంగుకు రావడం, పైనుంచి సన్న రాళ్లు ఊడిపోవడం, ఇవన్నీ పైపొర జబ్బులు. చక్రాలు వెళ్లే దారిలో చిన్న చిన్న గళ్లుగా, మొసలి చర్మంలా పగిలితే మాత్రం కింది పొర బరువు మోయలేకపోతోందని అర్థం. చక్రాల దారిలో లోతుగా గాడి పడి దాని పక్కన ఉబ్బు కూడా ఉంటే అదీ చాలావరకు లోపలి సమస్యే. కింది పొర పోయినచోట పైన ఎంత ఖరీదైన పూత పూసినా అదే ఆకారంలో పగుళ్లు మళ్లీ పైకి వస్తాయి.

దీన్ని కనిపెట్టడానికి పరికరాలు లేకపోయినా ఒక పద్ధతి ఉంది. వాన వెలిసి రోడ్డు ఆరుతున్న గంటలో నడిచి చూడండి. రోడ్డంతా తెల్లబడ్డాక కూడా పగుళ్ల వెంట మాత్రం సన్నటి నల్లగీతలు తడిగా మిగిలిపోతాయి. ఒకసారి అలాంటి గీత పక్కన కూర్చుని చూస్తే పగులుకు రెండువైపులా బూడిదరంగు బురద పలచగా ఎండి ఉంది. బరువైన బండి ఎక్కినప్పుడల్లా కిందున్న నీరు సన్న మట్టిని కలుపుకుని పైకి చిమ్ముతోందన్నమాట. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ పెడితే పిడి దాకా దిగిపోయింది. పైకి మాత్రం ఆ రోడ్డు బానే ఉంది, ఎవరూ ఫిర్యాదు కూడా చేయలేదు. బురద మరక కనిపిస్తే అక్కడ పూత పనులు మర్చిపోండి.

నీరు ఎటు పోతోంది? పక్క కాలువ పూడుకుపోయి ఉంటే, రోడ్డు అంచున మట్టి రోడ్డు కంటే ఎత్తుగా పేరుకుని ఉంటే, కల్వర్టు మూసుకుపోయి ఉంటే ముందు వాటిని బాగుచేయాలి. ఇది మరమ్మతుల జాబితాలో ఎక్కడా కనిపించని పని, అయినా అన్నింటికంటే చవక. నీరు నిలిచే రోడ్డుకి ఏ పద్ధతి ఎంచుకోవాలన్న చర్చే అనవసరం.

ఎంత బరువు పోతోంది? కార్ల సంఖ్య కంటే లారీలు, బస్సుల సంఖ్య ముఖ్యం. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఒటావా దగ్గర 1958 నుంచి 1960 దాకా ప్రత్యేకంగా రోడ్లు వేసి వాటి మీద లారీలు తిప్పి చేసిన పరీక్షలో తేలిన విషయం ఏంటంటే, రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం సుమారు 16 రెట్లు. ఒక టన్ను ఇరుసుతో పోలిస్తే పది టన్నుల ఇరుసు చేసే నష్టం పదివేల రెట్ల దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి ఇళ్ల మధ్య వీధికీ, చెత్త లారీలూ బస్సులూ తిరిగే వీధికీ ఒకే మందు పనికిరాదు.

ఎంతసేపు మూయగలరు? ఆసుపత్రి ముందు రోడ్డును నాలుగైదు గంటలు మూయడం కుదరకపోవచ్చు. పొలాల మధ్య రోడ్డయితే అంత టెన్షన్ ఉండదు.

ఇక డబ్బు లెక్క. చదరపు మీటరుకు ఎంత అని మాత్రమే అడిగితే ఎప్పుడూ చవకదే గెలుస్తుంది. చదరపు మీటరుకు, అది నిలిచే ఒక్కో ఏడాదికి ఎంత అని అడగండి. అలా లెక్కేస్తే కొన్నిసార్లు ఖరీదైనదే చవకగా తేలుతుంది, కొన్నిసార్లు మామూలు పగుళ్ల పనే అన్నింటినీ ఓడిస్తుంది.

రోడ్ల స్థితికి మార్కులు వేసే పద్ధతి ఏదో ఒకటి పెట్టుకోవడం కూడా అవసరం. అమెరికా సైన్యపు ఇంజినీర్ల విభాగం 1970లలో తయారుచేసిన పేవ్‌మెంట్ కండిషన్ ఇండెక్స్ 0 నుంచి 100 దాకా ఉంటుంది. పగులు రకం, తీవ్రత, విస్తీర్ణం కొలిచి 100లోంచి తీసేస్తూ వస్తారు. అంత ఓపిక, మనుషులు లేని చిన్న సంస్థలకు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు రూపొందించిన పేజర్ పద్ధతి చాలు. బండిలో నెమ్మదిగా వెళ్తూ కంటితో చూసి 1 నుంచి 10 దాకా మార్కు వేయడమే. నా సలహా, సిబ్బంది తక్కువైతే రెండోదే పెట్టుకోండి. ఏటా కచ్చితంగా చేసే మామూలు సర్వే, ఎనిమిదేళ్లకోసారి చేసే గొప్ప సర్వే కంటే చాలా మేలు.

## ఒక్క చూపులో

| పని | ఏ స్థితి రోడ్డుకి | ఏం చేయలేదు | ట్రాఫిక్ ఎప్పుడు వదలొచ్చు | సుమారు ఎన్నేళ్లు |
|---|---|---|---|---|
| పగుళ్లు నింపడం | బాగున్నది, అక్కడక్కడా గీతలు | మొసలి పగుళ్లు ఆపలేదు | అరగంట, గంట | 2–5 |
| ఫాగ్ సీల్ | బాగున్నది, రంగు వెలిసింది | పగుళ్లు మూయలేదు | కొన్ని గంటలు | 1–3 |
| చిప్ సీల్ | బాగున్నది నుంచి మధ్యస్థం | గాడి సరిచేయలేదు | వెంటనే, తక్కువ వేగంతో | 5–7 |
| స్లర్రీ సీల్ | బాగున్నది, ఇళ్ల వీధులు | గాడి, కదిలే పగుళ్లు | 2–4 గంటలు లేదా ఎక్కువ | 3–6 |
| మైక్రో సర్ఫేసింగ్ | బాగున్నది, కొంచెం గాడి ఉన్నా సరే | కింది పొర బలహీనత | సుమారు గంట | 5–8 |
| పలచని ఓవర్‌లే | మధ్యస్థం | కింది పొర బలహీనత | చల్లబడగానే, అదేరోజు | 7–12 |
| పూర్తి లోతు రీసైక్లింగ్ | పోయినది | – | పద్ధతిని బట్టి | 15 పైన |

ఏళ్ల గడిని అంచనాగానే తీసుకోండి. రోడ్డు ఏ స్థితిలో ఉన్నప్పుడు చేశారన్నదాన్ని బట్టి ఆ అంకె సగానికి పడిపోనూ వచ్చు.

## పగుళ్లు నింపడం

దీని గురించి ఎక్కువ చెప్తాను, ఎందుకంటే అందరూ చిన్నచూపు చూసేది దీన్నే. సుమారు 3 మి.మీ. నుంచి 20 మి.మీ. వెడల్పు పగుళ్లను శుభ్రంచేసి, రబ్బరు కలిపిన తారును దాదాపు 190 డిగ్రీలకు వేడిచేసి పోస్తారు. పని ఇంతే. అయితే ఇది నిలుస్తుందా లేదా అన్నది పోయకముందే తేలిపోతుంది. పగులులో మట్టి, గడ్డి వేళ్లు, తేమ ఉంటే తారు అంచులకు అంటుకోదు. గాలిపంపుతో బలంగా ఊదాలి, తేమ ఉంటే వేడిగాలితో ఆరబెట్టాలి. మనుషులు తొందరపడేది సరిగ్గా ఇక్కడే. వెనకాల వేడి తారు బండి నిలబడి ఉంటుంది, ముందువాడు ఊదే గొట్టాన్ని పగులు మీదుగా అలా తిప్పేసి ముందుకు నడిచేస్తాడు. ఆరు నెలల తర్వాత ఆ నల్ల పట్టీని వేలితో లాగితే రబ్బరు బ్యాండులా లేచి వస్తుంది.

కాలం కూడా చూడాలి. చలికి పగులు వెడల్పవుతుంది, వేడికి ముడుచుకుంటుంది. మరీ ఎండలో నింపితే చలికాలంలో సాగలేక తెగుతుంది, మరీ చలిలో నింపితే వేసవిలో పైకి పొంగుతుంది. మధ్యస్థంగా ఉండే పొడి రోజులు మంచివి.

ఒక చిన్న బృందం, ఒక వేడిచేసే యంత్రం ఉంటే సొంత సిబ్బందితోనే చేయించుకోవచ్చు, అదీ దీని గొప్పతనం. పెద్ద పూత పనులకు ముందు కూడా ఇది చేయాల్సిందే. అలాంటప్పుడు కొన్ని నెలలు ముందే నింపి ఉంచితే మంచిది, అప్పుడే పోసిన తారు మీద పూత వేస్తే గీతలు పైకి తేలతాయి.

ఫాగ్ సీల్ అంటే తారు ఎమల్షన్‌ను, అంటే సన్న బిందువులుగా నీళ్లలో కలిసిన తారును, ఇంకా నీళ్లు కలిపి పలచన చేసి చల్లడం. ఎండిన పైపొరకు కాస్త జీవం వస్తుంది. ట్రాఫిక్ తక్కువ ఉన్న రోడ్లకు, రోడ్డు అంచులకు పర్వాలేదు. కొత్తలో జారుడుగా ఉంటుంది కాబట్టి మలుపులు, ఏటవాలు ఉన్నచోట వద్దు.

## చిప్ సీల్, స్లర్రీ, మైక్రో: ఎక్కువమంది తికమకపడేది ఈ మూడింటి మధ్యే

చిప్ సీల్లో తారు చల్లి, వెంటనే ఒకే సైజు కంకర చిప్స్ పరిచి, రబ్బరు టైర్ల రోలర్‌తో తొక్కిస్తారు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో పల్లె రోడ్లలో చాలా భాగం ఈ పద్ధతి మీదే నడుస్తోంది, కాబట్టి ఇదేదో నాసిరకం పని అనుకోవద్దు. నీరు దిగకుండా బాగా మూస్తుంది, టైరుకు పట్టు పెరుగుతుంది, పొడవైన రోడ్లకు ఖర్చు కలిసొస్తుంది. ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి ఒకటి రెండు రోజులు చిప్స్ ఎగిరి అద్దాలకు తగులుతాయి, చప్పుడు ఎక్కువ, సైకిల్ తొక్కేవాళ్లకూ పిల్లలు ఆడుకునే వీధులకూ గరుకుగా ఉంటుంది. బండ్లు ఆగి చక్రం తిప్పే చోట్ల, అంటే వీధి చివర మలుపుల్లో, కూడళ్లలో, చిప్స్ ఊడిపోతాయి.

బాగా పడిందా లేదా మీరే చూసుకోవచ్చు. మర్నాడు వదులు రాళ్లు ఊడ్చాక అంటుకున్న ఒక చిప్‌ను పెకలించి చూడండి. దాని ఎత్తులో సగం నుంచి 70 శాతం దాకా నల్లగా తారులో మునిగి ఉండాలి. అడుగు మాత్రమే నల్లగా ఉంటే రాళ్లు ఊడతాయి. రాయంతా మునిగిపోయి ఉంటే వేసవిలో తారు పైకి కారి రోడ్డు నున్నగా మెరుస్తుంది, తడిస్తే జారుతుంది. కంకర దుమ్ముగా ఉంటే ఈ లెక్కలేవీ పనిచేయవు, తారు రాయికి కాకుండా దుమ్ముకు అంటుకుంటుంది.

స్లర్రీ సీల్ సన్న కంకర, ఎమల్షన్, నీళ్లు, కొంచెం సిమెంటు కలిపి పరిచే పలచని పొర. నున్నగా, నల్లగా, చూడ్డానికి కొత్త రోడ్డులా ఉంటుంది. ఇళ్ల వీధులకు, పార్కింగ్ స్థలాలకు ఇదే హాయి. కానీ నీరు ఆవిరైతేనే గట్టిపడుతుంది. చెట్ల నీడ దట్టంగా ఉన్న వీధిలో సాయంత్రం దాకా ఆరకపోవచ్చు, ఈలోగా ఎవరో ఒకరు బండి బయటికి తీస్తారు, ఆ టైరు గుర్తు ఇక ఏళ్లపాటు అలాగే ఉంటుంది. ముందురోజే ఇంటింటికీ చెప్పి బండ్లు వేరే వీధిలో పెట్టించడం ఈ పనిలో సగం.

మైక్రో సర్ఫేసింగ్ స్లర్రీకి అన్నలాంటిది. పాలిమర్ (రబ్బరులాంటి పదార్థం) కలిపిన ఎమల్షన్ వాడతారు, ఎండ మీద ఆధారపడకుండా రసాయనచర్యతో గట్టిపడుతుంది. అందుకే నీడలోనూ రాత్రిపూటా వేయొచ్చు, గంటలో ట్రాఫిక్ వదలొచ్చు. కింది పొర గట్టిగా ఉండి చక్రాల దారి మాత్రమే అణిగి ఉంటే ఆ గాడిని ప్రత్యేకమైన పెట్టెతో నింపి తర్వాత పైన మరో పొర వేస్తారు. రద్దీ రోడ్లకు ఈ మూడింటిలో నేను దీన్నే ఎంచుకుంటాను. అయితే దీనికి ప్రత్యేక యంత్రం, చేయితిరిగిన బృందం కావాలి. మీ చుట్టుపక్కల అలాంటి కాంట్రాక్టర్ ఒక్కడే ఉంటే ధర అతను చెప్పిందే అవుతుంది. అప్పుడు పక్క ఊళ్లతో కలిసి ఒకే టెండరు పిలవడం గురించి ఆలోచించండి. యంత్రాన్ని ఒకసారి తెప్పిస్తే నాలుగు ఊళ్ల పని అయిపోతుంది.

ఈ మూడూ బలం పెంచవు, ఈ మాట టెండరు కాగితాల మీద పెద్దక్షరాలతో రాసిపెట్టుకోవాలి. ఇవి గొడుగులే, స్తంభాలు కావు.

## ఓవర్‌లే, ఇంకా లోతైన పనులు

పలచని ఓవర్‌లే అంటే సుమారు 40 మి.మీ. లోపు వేడి తారు కంకర పొర. ప్రయాణం నునుపవుతుంది, చప్పుడు తగ్గుతుంది, జనం సంతోషిస్తారు. పలచగా ఉండటంతో త్వరగా చల్లబడిపోతుంది, రోలర్ వెంటే తిరగకపోతే పొర గట్టిగా కుదురుకోదు. లారీలో వచ్చిన మిశ్రమం చల్లబడి, పైన గట్టి పెంకు కట్టి ఉంటే దాన్ని వెనక్కి పంపే ధైర్యం ఆ రోజు అక్కడ నిలబడిన ఇంజినీరుకు ఉండాలి.

పాత పొర మీద పొర వేస్తూ పోతే ఇంకో చిక్కు. రోడ్డు ఎత్తు పెరుగుతుంది, ఇళ్ల గుమ్మాలు కిందికి పోతాయి, వాన నీరు కాలువలోకి కాకుండా ఇళ్లలోకి దారి చూసుకుంటుంది, మ్యాన్‌హోల్ మూతలు గోతుల్లో మిగులుతాయి. ఇళ్లున్న ప్రతి వీధిలో ముందు మిల్లింగ్ చేసి, అంటే పై పొరను యంత్రంతో గీకేసి, అంతే మందం వేయాలని నేను గట్టిగా చెప్తాను. ఖర్చు పెరుగుతుంది నిజమే. గీకిన ముక్కలు కూడా పారేసే సరుకు కాదు, కొత్త మిశ్రమంలో మళ్లీ వాడుకోవచ్చు.

కింది పొర అక్కడక్కడే పోతే ఆ ముక్క వరకు చతురస్రంగా కోసి, లోతుగా తవ్వి, పొరలు పొరలుగా దిమ్మిస చేసి పూడ్చి, ఆ తర్వాత రోడ్డంతా పూత వేయొచ్చు. విస్తీర్ణంలో పావు వంతుకు మించి మొసలి పగుళ్లు ఉంటే నేనైతే ముక్కల పనికి వెళ్లను. అప్పుడు పూర్తి లోతు రీసైక్లింగ్ అడగండి. పాత తారునూ కింది కంకరనూ సుమారు 15 నుంచి 30 సెం.మీ. లోతున అక్కడికక్కడే నలగ్గొట్టి, సిమెంటో ఎమల్షనో కలిపి, గట్టి పునాదిగా మార్చి దాని మీద కొత్త పొర వేస్తారు. లారీల కొద్దీ మట్టి బయటికి మోసి, కొత్త కంకర లోపలికి మోసే ఖర్చు తప్పుతుంది. అడుగున పైపులు తక్కువ లోతులో ఉన్న ఇరుకు వీధుల్లో మాత్రం ఇది ప్రమాదం.

సిమెంటు కాంక్రీటు రోడ్డయితే ఈ జాబితా వర్తించదు. అక్కడ జాయింట్లలో పాత సీలెంట్ (సందు మూసే పదార్థం) తీసి కొత్తది నింపడం, పలకల మధ్య ఎగుడుదిగుడును వజ్రపు చక్రాలతో గీకించడం, విరిగిన పలకను లోతంతా మార్చడం, ఇవే దారి.

## మీరెవరన్నదాన్ని బట్టి

చిన్న పట్టణం, ఒకే ఇంజినీరు, తక్కువ డబ్బు అయితే: కాలువలు, పగుళ్లు, గుంతలు సొంత సిబ్బందికి అప్పగించండి. మిగిలిన డబ్బుతో ఏటా కొన్ని మంచి వీధులకు స్లర్రీ. పోయిన రోడ్డు ఒక్కటి, ఎక్కువ బండ్లు తిరిగేది, మూడేళ్ల డబ్బు కూడబెట్టి పూర్తిగా చేయించండి. మూడు పోయిన రోడ్లకు తలా కొంచెం పంచితే మూడూ చెడతాయి.

పొలాల మధ్య పొడవైన రోడ్లు చూసేవాళ్లకు పగుళ్లు నింపి చిప్ సీల్, పెద్ద ఆలోచన అక్కర్లేదు. బస్సులు తిరిగే ప్రధాన వీధికి కింది పొర గట్టిగా ఉంటే మైక్రో, లేకపోతే మిల్లింగ్ చేసి, పోయినచోట కింది పొరను బాగుచేసి ఓవర్‌లే. బస్సు ఆగే చోటుకు విడిగా కాంక్రీటు పలక ఆలోచించండి, బ్రేకు వేసినచోట తారు ముందుకు నెట్టుకుపోయి అలలు కడుతుంది.

గుంతల దగ్గర సొంత సిబ్బందికి ఒక్క మాట. అమెరికాలో 1990లలో చేసిన పెద్ద పరిశోధనలో గుంతలో మిశ్రమం వేసి లారీ టైరుతో తొక్కించే మామూలు పద్ధతి కూడా, మంచి సరుకు వాడితే, చాలా సందర్భాల్లో అంచులు కోసి చేసే పద్ధతికి దీటుగా నిలిచింది. కాబట్టి వాన రోజుల్లో యంత్రాల కోసం ఆగొద్దు, నాణ్యమైన కోల్డ్ మిక్స్ (వేడిచేయకుండా వాడే తారు కంకర మిశ్రమం) కొనడానికి డబ్బు పెట్టండి. తొక్కించకుండా పారతో తట్టి వెళ్లిపోవడం మాత్రం ఎక్కడా నిలవదు.

కాలనీవాళ్లయితే సభలో "మా రోడ్డు వేయండి" అని కాకుండా ఈ మూడూ అడగండి: మా వీధికి ఈ ఏడాది ఎంత మార్కు వచ్చింది? రాబోయే రెండేళ్లలో నీటి పైపో మురుగు పైపో కేబులో వేసే పని ఉందా? పనికి ముందు కాలువ తీస్తారా? రెండో ప్రశ్న మరీ ముఖ్యం. కొత్త రోడ్డును కొన్నేళ్లపాటు తవ్వకూడదనే నిబంధన చాలా నగరాల్లో ఉన్నదే అందుకు. ఒక్క పైపు కోసం అడ్డంగా కోసిన రోడ్డు ఆ కోత దగ్గర ముందు పోతుంది.

పని పూర్తయ్యాక మొదటి పెద్ద వాన పడిన మర్నాడు పొద్దున్నే, రోడ్డు ఆరకముందే వెళ్లండి. నీరు నిలిచిన చోట సుద్దతో గుండ్రంగా గీయండి, తడి నల్లగీతలు మిగిలిన చోట ఫొటో తీసి తేదీ రాసి పెట్టుకోండి. కాంట్రాక్టర్ తన ఖర్చుతో సరిచేయాల్సిన గడువు ఎప్పటిదాకా ఉందో ఒప్పందంలో చూసి, ఆ తేదీకి రెండు నెలల ముందే ఉత్తరం పంపండి.